బ్రేకుల్లేని సైకిల్... మూసిన గేట్లు

ప్రతిభ ఉంటే అవకాశం దానంతట అదే వెతుక్కుంటూ వస్తుందనే మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. ప్లేస్‌మెంట్ సెమినార్లలో, మోటివేషన్ వీడియోల్లో, చివరికి ఇంటికొచ్చిన చుట్టాల నోట కూడా. కటాఫ్ దాటి, రాతపరీక్ష గట్టెక్కి, ఆఖరి జాబితాలో పేరు లేక వెనక్కి వచ్చినవాళ్లకు ఆ మాట అంత సులువుగా మింగుడుపడదు. అలాంటివాళ్ల కోసమే ఈ వారం ఒక సైకిలిస్టు కథ. సుమారు 125 ఏళ్ల కిందట అతడు ప్రపంచంలోకెల్లా వేగంగా సైకిలు తొక్కిన మనిషి. పేరు మార్షల్ వాల్టర్ టేలర్. లోకానికి ‘మేజర్’ టేలర్. సైన్యంలో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. మరి మేజర్ ఎలా అయ్యాడో కాసేపట్లో చెబుతాను.

టేలర్ 1878 నవంబరు 26న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. నాన్న గిల్బర్ట్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికుడు. తర్వాత సౌతార్డ్ అనే సంపన్న శ్వేతజాతి కుటుంబంలో గుర్రపు బండి తోలేవాడు. ఆ ఇంట్లో మార్షల్ ఈడు పిల్లాడొకడు ఉండేవాడు, పేరు డేనియల్. ఇద్దరికీ స్నేహం కుదిరింది. క్రమంగా మార్షల్ ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. అవే బట్టలు, అవే ఆటలు, ఇంట్లోనే చదువు. డేనియల్‌కు సైకిలు ఉంది కాబట్టి మార్షల్‌కూ ఒకటి వచ్చింది. ఆ రోజుల్లో సైకిలంటే ఇప్పటి ఖరీదైన బైకు లాంటిది, పేదింటి పిల్లాడికి అందేది కాదు.

కానీ ఒక్క చోట మాత్రం ఆ స్నేహం పనిచేయలేదు. దోస్తులంతా వైఎంసీఏ వ్యాయామశాలకు వెళ్తే మార్షల్‌ను లోపలికి రానివ్వలేదు. తలుపు బయట నిలబడి చూడాల్సిందే. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

కొన్నేళ్లకు సౌతార్డ్‌లు షికాగో వెళ్లిపోయారు. పిల్లాడు సొంతింటికి తిరిగొచ్చాడు. సైకిలు మాత్రం వెంట వచ్చింది. దాని మీద పేపర్లు వేశాడు. ఖాళీ దొరికితే విన్యాసాలు నేర్చుకున్నాడు. ఒకరోజు హే అండ్ విల్లిట్స్ అనే సైకిల్ షాపుకు రిపేరు పని మీద వెళ్లి, బయటికొచ్చేటప్పుడు సరదాగా నాలుగు ఫీట్లు చేశాడు. యజమానులు చూశారు. వారానికి 6 డాలర్ల జీతం, 35 డాలర్ల విలువైన కొత్త సైకిలు ఇస్తామన్నారు. పనేంటంటే ఉదయం షాపు ఊడ్చి తుడవడం, సాయంత్రం షాపు ముందు సైనికుడి యూనిఫాం వేసుకుని విన్యాసాలు చేసి జనాన్ని పోగేయడం. ఆ యూనిఫాం వల్లే ‘మేజర్’ అనే పేరు అతుక్కుంది. ఒక విధంగా అది డ్రెస్‌కోడ్‌తో వచ్చిన నిక్‌నేమ్. జీవితాంతం పోలేదు.

ఆ షాపు వాళ్లు ఏటా పది మైళ్ల రోడ్డు రేసు పెట్టేవాళ్లు. గెలిచినవాడికి ఇచ్చే బంగారు పతకాన్ని షాపు కిటికీలో అందరికీ కనిపించేలా ఉంచారు. టేలర్ రోజూ దాన్ని చూస్తూనే దుమ్ము దులిపేవాడు. పోటీ రోజు చూడ్డానికని వెళ్తే యజమాని అతణ్ని పట్టుకుని లైనులో నిలబెట్టాడు. జనాన్ని నవ్వించడానికే. కొంత దూరం తొక్కి అలసిపోతే వెనక్కి వచ్చేయమన్నాడు. పిల్లాడు వెనక్కి రాలేదు. పది మైళ్లూ తొక్కి, రెండో స్థానంలో వచ్చినవాడి కన్నా ఆరు సెకన్ల ముందు గీత దాటి, అక్కడే స్పృహ తప్పి పడిపోయాడు. కళ్లు తెరిచేసరికి పతకం ఛాతీ మీద ఉంది. కౌమారంలోకి అప్పుడప్పుడే అడుగుపెడుతున్న కుర్రాడు, ఊళ్లో పేరున్న పెద్ద రైడర్లను ఓడించాడు!

మన పేజీల్లో సాధారణంగా ఇలాంటి ఘట్టం తర్వాత ‘ఇక వెనుదిరిగి చూడలేదు’ అని రాస్తాం. ఇక్కడ అలా రాయడానికి లేదు. గెలిచిన కొద్దీ అతడికి గేట్లు మూసుకుపోవడం మొదలైంది.

మెంటార్ ఏం చేశాడు?

లూయిస్ మంగర్. ముద్దుపేరు ‘బర్డీ’. ఒకప్పటి రేసర్, తర్వాత సైకిళ్ల తయారీదారు. టేలర్‌ను ఇంటి పనులకూ వర్క్‌షాపు పనులకూ పెట్టుకున్నాడు. పెట్టుకున్నది పనివాడిగానే అయినా, వీడిలో ప్రపంచ చాంపియన్ ఉన్నాడని కనిపెట్టింది ఆయనే. శ్వేతజాతీయుడైన మంగర్ ఒక నల్ల కుర్రాడి మీద అంత శ్రద్ధ పెట్టడం చుట్టూ ఉన్నవాళ్లకు నచ్చలేదు. ఆయన కుర్రాణ్ని వదిలేయలేదు, ఊరే మార్చేశాడు. 1895లో ఫ్యాక్టరీ పెట్టడానికి మసాచుసెట్స్ రాష్ట్రంలోని వోర్సెస్టర్‌కు వెళ్తూ టేలర్‌నూ తీసుకెళ్లాడు. అక్కడి వైఎంసీఏ తలుపు తెరిచింది. మొట్టమొదటిసారి టేలర్ ఒక సరైన వ్యాయామశాలలో సాధన చేశాడు.

మీలో చాలామంది మెంటార్ అంటే సలహాలిచ్చేవాడు అనుకుంటారు. సలహాలు ఎవరైనా ఇస్తారు. మంగర్ చేసింది వేరు. తలుపు తెరుచుకునే చోటు ఎక్కడుందో చూసి అక్కడికి చేర్చాడు.

1896లో ఇద్దరూ ఇండియానాపొలిస్ వచ్చారు. అక్కడి ట్రాక్ మీద పోటీకి టేలర్‌కు అనుమతి లేదు. దాంతో మంగర్ పోటీతో సంబంధం లేకుండా, టైమ్ కొలిచేవాళ్లను పెట్టి ఒంటరిగా తొక్కించాడు. మైలు దూరంలో అక్కడి రికార్డు కన్నా ఎనిమిది సెకన్లకు పైగా తక్కువ సమయం! అధికారికంగా అది లెక్కలోకి రాలేదు సరికదా, ఊరి ట్రాక్‌ల మీద నిషేధం బహుమతిగా దక్కింది.

అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రొఫెషనల్‌గా తొలి అడుగు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. అర మైలు పోటీలో అప్పటి మేటి స్ప్రింటర్ ఎడ్డీ బాల్డ్‌ను వెనక్కి నెట్టి 200 డాలర్లు గెలిచాడు. ఆ డబ్బు మొత్తం అమ్మకు తంతి ద్వారా పంపించాడు. వెంటనే ఆరు రోజుల రేసు. ఆరు రోజుల పాటు రాత్రీ పగలూ ఒక్కడే, కునుకు తీసినంతసేపూ ఇతరులు ముందుకెళ్లిపోతారు. నిద్రలేమితో టేలర్‌కు భ్రమలు మొదలయ్యాయి. ఎవరో కత్తి పట్టుకుని వెంటాడుతున్నారని దిగిపోబోయాడట. అయినా 1,732 మైళ్లు, అంటే 2,780 కిలోమీటర్ల పైచిలుకు తొక్కి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. అతడు స్ప్రింటర్, దూరాల మనిషి కాదు. మళ్లీ అలాంటి రేసు జోలికి పోలేదు. తనకేది సరిపోతుందో, ఏది సరిపోదో మొదటి నెలలోనే తెలుసుకోవడం కూడా కెరియర్‌లో భాగమే కదా.

ట్రాక్ మీద ఏం జరిగేది?

ఇక్కడ ఆట గురించి కాస్త తెలుసుకోవాలి. ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు. గేరు ఒక్కటే. ఫ్రీవీల్ ఉండదు కాబట్టి చక్రం తిరుగుతున్నంతసేపూ పెడలూ తిరుగుతూనే ఉంటుంది, కాలు ఆపడం కుదరదు. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకున్నవాడు ఆ చాటున బలం దాచుకుంటాడు. అందుకే స్ప్రింట్‌లో మొదట్లో ఎవరూ ముందుకు రారు. చివరి మలుపులో ఒక్క ఉదుటున దూకడమే అసలు విద్య. ఆ దూకుడులో టేలర్‌కు సాటి లేదు.

దాన్ని ఆపాలంటే ప్రత్యర్థులకు ఒకటే దారి: అతణ్ని బంధించడం. ఒకడు ముందు, ఒకడు పక్కన, ఒకడు వెనక చేరి గూట్లో పెట్టినట్టు బిగించేవాళ్లు. బయటికి రాబోతే మోచేతులు, తోపులు. పేరుకు వ్యక్తిగత పోటీ, నడిచేది మాత్రం అందరూ కలిసి ఒక్కడి మీద. టేలర్ దీనికి కనిపెట్టిన విరుగుడు రెండు రకాలు. సందు కనిపించిన క్షణంలో దూరిపోవడం, లేదంటే అసలు గూడు కట్టే అవకాశమే ఇవ్వకుండా ముందు నుంచే నడిపించడం. రెండోది చాలా కష్టం, గాలంతా తనే చీల్చాలి.

1897 సెప్టెంబరులో టాంటన్‌లో జరిగిన రేసు ముగిశాక బెకర్ అనే రైడర్ అతణ్ని కిందికి లాగి గొంతు నులిమాడు. పోలీసులు వచ్చి విడిపించేసరికి టేలర్‌కు స్పృహ లేదు. బెకర్‌కు పడిన శిక్ష 50 డాలర్ల జరిమానా. దక్షిణాది రాష్ట్రాల్లోనైతే అతడి ఎంట్రీలే తీసుకునేవాళ్లు కాదు. జాతీయ చాంపియన్‌షిప్ పాయింట్ల మీద నడిచేది. పోటీకే రానివ్వకపోతే పాయింట్లు ఎలా వస్తాయి? 1898లో జార్జియా రాష్ట్రంలోని సవానాకు సాధనకు వెళ్తే, 48 గంటల్లో ఊరు విడిచిపొమ్మని బెదిరింపు లేఖ వచ్చింది. వెళ్లిపోయాడు. ఇది పిరికితనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పోరాడాల్సిన చోటు తనకు ట్రాక్ అని అతడికి తెలుసు.

1899 నాటికి పావు మైలు నుంచి రెండు మైళ్ల దాకా ఏడు ప్రపంచ రికార్డులు అతడి పేరిట ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టు 10న కెనడాలోని మాంట్రియల్‌లో మైలు స్ప్రింట్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. బాక్సర్ జార్జ్ డిక్సన్ తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన రెండో నల్లజాతి క్రీడాకారుడు అతడే. పరాయి దేశంలో తన దేశపు జాతీయగీతం వినిపించినప్పుడు కలిగిన గర్వాన్ని చాలా ఏళ్ల తర్వాత కూడా పుస్తకంలో రాసుకున్నాడు. ఆ దేశం తనను ఎలా చూసిందో తెలిసి కూడా! నవంబరులో షికాగోలో, ముందు ఆవిరి యంత్రపు సైకిలు దారితీస్తుండగా, మైలు దూరాన్ని నిమిషం 19 సెకన్లలో తొక్కాడు. గంటకు 73 కిలోమీటర్ల వేగం. సొంత కాళ్లతో!

అప్పట్లో అమెరికా సైక్లింగ్ సంఘాలు రెండుగా చీలిపోయి ఉన్నాయి. మేటి రైడర్లంతా అవతలి పక్షంలో ఉన్నారు కాబట్టి 1899 విజయాల విలువ తక్కువని గొణిగినవాళ్లున్నారు. 1900లో అందరితోనూ తలపడి అమెరికా స్ప్రింట్ చాంపియన్ అయ్యాక ఆ గొణుగుడు ఆగింది. అదే ఏడాది వోర్సెస్టర్‌లో మంచి కాలనీలో ఇల్లు కొన్నాడు. కొన్నది ఎవరో తెలియగానే ఇరుగుపొరుగు ఇంకా ఎక్కువ డబ్బిస్తాం, ఖాళీ చేయమన్నారు. టేలర్ కదల్లేదు.

ఆదివారం క్లాజు

ఆఫర్ లెటర్ చేతికొస్తే చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. టేలర్ బాప్టిస్టు భక్తుడు. ఆదివారం పోటీ చేయనని నిశ్చయించుకున్నాడు. 1898లో అమ్మ పోయాక ఆ పట్టుదల మరింత గట్టిపడింది. చిక్కేంటంటే యూరప్‌లో పెద్ద రేసులన్నీ ఆదివారాలే. ఫ్రెంచి ప్రొమోటర్లు వేల డాలర్లు చూపించినా ఆ ఒక్క షరతు దగ్గర బేరం తెగిపోయేది. అతడు దిగిరాలేదు. చివరికి 1901లో వాళ్లే దిగొచ్చారు. ఆదివారాలు లేకుండా ఒప్పందం రాసుకున్నారు.

దీన్ని చూసి ఫ్రెషర్లు మొదటి ఇంటర్వ్యూలోనే షరతులు పెట్టేయకండి. టేలర్ ఆ మాట నెగ్గించుకున్నది ప్రపంచ చాంపియన్ అయ్యాక. అంతకుముందు దాకా అతడు చేసింది ఒకటే, ఆ షరతు కోసం డబ్బు వదులుకోవడం.

ప్యారిస్‌లో అతడి కోసం ఎదురుచూస్తున్నవాడు ఎడ్మండ్ జాక్వెలిన్. 1900 ప్రపంచ చాంపియన్, ఫ్రాన్స్ జనానికి ఆరాధ్యుడు. 1901 మే 16, గురువారం, పార్క్ దె ప్రిన్స్ ట్రాక్. చలి విపరీతంగా ఉంది. ఎండలో చురుగ్గా ఉండే టేలర్ ఓడిపోయాడు. గెలిచిన జాక్వెలిన్ ముక్కు మీద వేలు పెట్టి వెక్కిరించాడు. టేలర్ అక్కడ నోరు మెదపలేదు, మళ్లీ పోటీ అడిగాడు. మే 27, సోమవారం. ఈసారి ఎండ కాసింది. టేలర్ వరసగా రెండు హీట్లూ గెలిచి, నడుముకు చుట్టుకున్న అమెరికా జెండాను తీసి ఊపుతూ ట్రాక్ చుట్టాడు. స్వదేశంలో హోటల్ గది దొరకని మనిషి ప్యారిస్‌లో పత్రికల మొదటి పేజీకి ఎక్కాడు.

1902 మార్చిలో డైసీ మోరిస్‌తో పెళ్లయింది. తర్వాత రెండు వేసవులు ఆస్ట్రేలియాలో పోటీలు. అక్కడా చిక్కులు తప్పలేదు. అమెరికా నుంచి ఫ్లాయిడ్ మెక్‌ఫార్లండ్, ఐవర్ లాసన్ కూడా వచ్చారు. 1904లో మెల్‌బోర్న్‌లో లాసన్ కారణంగా టేలర్ పడి గాయపడ్డాడు. లాసన్ మీద సస్పెన్షన్ వేటు పడింది. ఆ మేలో సిడ్నీలో కూతురు పుడితే ఊరి పేరే పెట్టుకున్నారు. మంచి ఆదరణే దొరికిందక్కడ. ఆ ముచ్చటతోనే ఓడ దిగితే శాన్‌ఫ్రాన్సిస్కోలో భోజనం పెట్టే హోటలు కూడా కష్టమైంది. అప్పటికే అతడు మనసూ ఒళ్లూ రెండూ అలిసి ఉన్నాడు. ఆ ఏడాది యూరప్ ఒప్పందానికి వెళ్లలేకపోయాడు. దాంతో ప్రొమోటర్లతో గొడవ, మూడేళ్ల విరామం. ఇప్పుడైతే దీన్ని బర్నవుట్ అంటాం. అప్పుడు దానికి పేరు కూడా లేదు.

1907లో బరువు పెరిగిన ఒంటితో మళ్లీ ఫ్రాన్స్ వెళ్లాడు. మెల్లగా పాత వేగం అందుకున్నాడు కూడా. కానీ కుర్రాళ్లు వచ్చేశారు. చివరి సీజన్లలో ఆదివారం రేసులకూ ఒప్పుకున్నాడు. బేరమాడే బలం తగ్గితే మొదట పోయేది మనం అన్నింటికన్నా గట్టిగా పట్టుకున్న షరతే. ఈ విషయం నాకు అతడి ఓటములన్నింటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. 1910లో, 32వ ఏట, రిటైరయ్యాడు.

రెండో ఇన్నింగ్స్

విజయగాథలు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆగకండి. 32 ఏళ్లంటే మనలో కొందరు ఇంకా గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే వయసు. టేలర్ దగ్గర డబ్బుంది, పేరుంది, యంత్రాల మీద అవగాహన ఉంది. హ్యాండిల్‌బార్‌ను ముందుకు వెనక్కి జరుపుకొనే సాధనం అప్పటికే అతడి పేరుతో ప్రచారంలో ఉంది. ఇంజినీరింగ్ చదువుదామని వోర్సెస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌కు దరఖాస్తు పెట్టాడు. హైస్కూల్ సర్టిఫికెట్ లేదని సీటివ్వలేదు. ప్రపంచ రికార్డులు ఏ మార్కుల జాబితాలోనూ పట్టలేదు. నైపుణ్యం ఉంటే చాలు డిగ్రీ ఎందుకనే చర్చ మీ హాస్టల్ గదుల్లో నడుస్తున్నప్పుడు ఈ సంఘటనను కూడా లెక్కలోకి తీసుకోండి.

వాహనాల టైర్ల తయారీలో పెట్టుబడి పెట్టాడు. వేల డాలర్లు పోయాయి. ఇతర వ్యాపారాలూ కలిసిరాలేదు. జబ్బు చేసింది. ఒక్కో వస్తువూ అమ్ముకుంటూ వచ్చి, ఎవరెంత పొమ్మన్నా కదలని ఆ ఇంటిని కూడా చివరికి అమ్మేశాడు. ఈ కష్టాల మధ్యే కొన్నేళ్లు కూర్చుని ఆత్మకథ రాశాడు. ప్రచురించేవాళ్లు లేక 1928లో సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నాడు. పేరు ‘ది ఫాస్టెస్ట్ బైసికిల్ రైడర్ ఇన్ ది వరల్డ్’. ఒకప్పుడు మంగర్ కన్న కలే ఆ పుస్తకం పేరైంది.

భార్య విడిగా వెళ్లిపోయింది. 1930 ప్రాంతంలో టేలర్ ఒంటరిగా షికాగో చేరి వైఎంసీఏలో గది తీసుకున్నాడు. చిన్నప్పుడు లోపలికి రానివ్వని పేరే చివరికి తలదాచుకోవడానికి దిక్కయింది. పగలంతా ఇంటింటికీ తిరిగి తన పుస్తకం తనే అమ్మేవాడు. ఆర్థిక మాంద్యం కాలం. కొనేవాళ్లెవరు? సైకిల్ రేసుల మోజు కూడా ఎప్పుడో తగ్గిపోయింది.

1932 జూన్ 21న కుక్ కౌంటీ ఆసుపత్రిలో, పేదల వార్డులో కన్నుమూశాడు. 53 ఏళ్లు. తనవాళ్లెవరూ రాకపోవడంతో మౌంట్ గ్లెన్‌వుడ్ శ్మశానంలో పేదలను పూడ్చే చోట, పేరు లేని గోతిలో ఖననం చేశారు.

పదహారేళ్లు గడిచాయి. 1948లో కొందరు పాత రేసర్లు ఆ చోటు వెతికారు. ఒకప్పుడు ట్రాక్ మీద తొక్కినవాళ్లే. ష్విన్ సైకిల్ కంపెనీ అధిపతి ఫ్రాంక్ ష్విన్ డబ్బు సాయం చేశాడు. అవశేషాలను తీసి అదే శ్మశానంలో నలుగురికీ కనిపించే చోటుకు మార్చి, పేరు చెక్కిన ఫలకం పెట్టారు.

వోర్సెస్టర్‌లో ఇప్పుడు ఒక రోడ్డుకు అతడి పేరుంది. 2008 నుంచి నగర గ్రంథాలయం దగ్గర స్మారకమూ ఉంది. 1982లో ఇండియానాపొలిస్ నగరం కొత్తగా కట్టిన సైక్లింగ్ ట్రాక్‌కు మేజర్ టేలర్ వెలోడ్రోమ్ అని పేరు పెట్టింది. టేలర్‌ను ట్రాక్ మీదికి రావొద్దని నిషేధించి అప్పటికి 86 ఏళ్లు.